నడిసముద్రంలో ఏడు బాంబులు: 'జగర్నాట్' (1974) చిత్రంలోని ఉత్కంఠ గురించి చర్చ

వెండితెర:

రిచర్డ్ లెస్టర్ దర్శకత్వంలో 1974లో వచ్చిన బ్రిటిష్ చిత్రం 'జగర్నాట్' మీద ఇక్కడ విడిగా చర్చ లేదు కాబట్టి ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను. ముగింపును కూడా దాచకుండా మాట్లాడుకోవాలన్నది నా కోరిక. చిత్రాన్ని ఇంకా చూడనివారు చూసిన తరువాత ఈ చర్చలోకి వస్తే బాగుంటుంది.

'బ్రిటానిక్' అనే ప్రయాణికుల నౌక పన్నెండు వందల మందితో అట్లాంటిక్ మధ్యలో ఉండగా, తన పేరు జగర్నాట్ అని చెప్పుకున్న ఒక అజ్ఞాత వ్యక్తి లండన్‌లోని నౌకా సంస్థ అధికారికి ఫోన్ చేస్తాడు. ఓడలో ఏడు పెద్ద పీపాలలో బాంబులు ఉన్నాయని, 5 లక్షల పౌండ్లు ముట్టజెబితే వాటిని నిర్వీర్యం చేసే పద్ధతి చెబుతానని, లేకపోతే మరునాడు తెల్లవారేసరికి అవి పేలిపోతాయని అంటాడు. సముద్రం ఉగ్రంగా ఉండటం వల్ల ప్రయాణికులను పడవలలోకి దించే వీలు లేదు. ప్రభుత్వం సొమ్ము చెల్లించనివ్వదు. బాంబు నిర్వీర్య నిపుణుడు ఫాలన్ తన బృందంతో విమానం నుంచి సముద్రంలోకి దూకి ఓడ ఎక్కుతాడు. ఫాలన్‌గా రిచర్డ్ హారిస్, అతని సహచరుడు బ్రాడక్‌గా డేవిడ్ హెమ్మింగ్స్, ఓడ కెప్టెన్‌గా ఒమర్ షరీఫ్, భార్యాబిడ్డలు ఆ ఓడలోనే ఉండగా లండన్‌లో నేరస్థుడి కోసం వెదికే పోలీసు అధికారిగా ఆంథొనీ హాప్కిన్స్ నటించారు.

ఎన్నిసార్లు చూసినా నన్ను కూర్చోబెట్టేది బాంబు పేలుతుందా లేదా అన్న ప్రశ్న మాత్రమే అయితే, ఫలితం తెలిసిన తరువాత ఆ పట్టు సడలిపోవాలి. అది సడలడం లేదు. నాకు తోచిన కారణం ఇది: ఈ కథలో అందరి ప్రాణాలూ ఎక్కడో దూరం నుంచి వినిపించే గొంతుల మీద ఆధారపడి ఉన్నాయి. బెదిరించేవాడు ఒక ఫోను గొంతు. ప్రయాణికులకు కెప్టెన్ మాటే ఆధారం. ఒక్కొక్క బాంబు దగ్గర ఒంటరిగా కూర్చున్న సైనికుడికి, తాను వేసే ప్రతి అడుగునూ బయటికి చెబుతూ పనిచేసే ఫాలన్ గొంతు ఆధారం. చివరికి ఫాలన్ కూడా లండన్ నుంచి వచ్చే ఒక గొంతును నమ్మాలో వద్దో తేల్చుకోవలసి వస్తుంది. ఎవరి మాట మీద చేయి కదపాలి అన్నదే ఈ చిత్రం అడిగే ప్రశ్న అని నా అభిప్రాయం. మీరేమంటారు?

చరిత్రపుట:

వెండితెర గారు చెప్పిన కోణానికి ఈ కథ పుట్టుకలోనే బలమైన ఆధారం ఉంది. 1972 మే నెలలో న్యూయార్క్ నుంచి బ్రిటన్ వైపు ప్రయాణిస్తున్న 'క్వీన్ ఎలిజబెత్ 2' నౌక విషయంలో, న్యూయార్క్‌లోని ఆ సంస్థ కార్యాలయానికి ఇటువంటి ఫోనే వచ్చింది. ఓడలో వేర్వేరు అంతస్తులలో ఆరు బాంబులు ఉన్నాయని, తన మనుషులు ఇద్దరు ఓడలోనే ఉన్నారని, వారిలో ఒకడు మాజీ ఖైదీ కాగా మరొకడు క్యాన్సర్‌తో మరణానికి దగ్గరపడినవాడని, కాబట్టి ప్రాణభయం లేనివారని చెప్పి, అవతలి వ్యక్తి 3,50,000 డాలర్లు అడిగాడు.

బ్రిటన్ నుంచి హెర్క్యులిస్ విమానంలో బయలుదేరిన నలుగురు సైనికులు మే 18న, మేఘాలు బాగా కిందికి దిగి ఉన్న వాతావరణంలో, పారాచూట్లతో అట్లాంటిక్‌లోకి దూకారు. ఓడ పడవ వెళ్లి వారిని ఎక్కించుకుంది. ప్రయాణికులు డెక్ మీద నిలబడి ఆ దృశ్యాన్ని చూశారు. ఓడనంతా గాలించారు. ఏ బాంబూ దొరకలేదు, ఎందుకంటే అక్కడ ఏ బాంబూ లేదు. సొమ్ము తీసుకోవడానికి కూడా ఎవరూ రాలేదు. ఫోన్ చేసిన వ్యక్తిని తరువాత పట్టుకుని న్యాయస్థానంలో నిలబెట్టారు. 20 ఏళ్ల శిక్ష పడింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ నలుగురూ దూకే సమయానికి వారికి తెలిసినది ఒక ఫోను సంభాషణ సారాంశం మాత్రమే. ఆ మాట అబద్ధమని తరువాత తేలింది కాబట్టి ఇప్పుడు మనకు అది తేలికగా కనిపించవచ్చు. చీకటి మేఘాల కింద, ఎప్పుడూ చూడని ఓడ పక్కన, చల్లని నీటిలోకి దూకినవాడికి మాత్రం అది పూర్తిగా నిజమైన బాంబే. చిత్ర రచయితలు చేసినదల్లా ఆ అబద్ధపు ఫోనును నిజం చేయడం. మాట ఒక్కటే ఉండి వస్తువు లేని సంఘటన నుంచి, మాటా వస్తువూ రెండూ ఉన్న కథ పుట్టింది. అందుకే కాబోలు కథలో మాట బరువు ఎక్కడా తగ్గలేదు.

నౌకాయంత్రి:

నేను ఓడల ఇంజను విభాగంలో పనిచేస్తాను. చిత్రకళ గురించి మీ అంతగా మాట్లాడలేను కానీ, "పడవలు దించి అందరినీ తప్పించవచ్చు కదా" అని చాలామంది అడిగే ప్రశ్నకు సమాధానం చెప్పగలను. ఆ సమాధానం నమ్మశక్యంగా లేకపోతే ఈ కథ మొదటి అరగంటలోనే కూలిపోతుంది.

ప్రయాణికుల ఓడను ఖాళీ చేయడం ప్రశాంత సముద్రంలో కూడా కష్టమైన పని. పడవ ఓడ పక్కగా చాలా ఎత్తు నుంచి తాళ్ల మీద దిగాలి. ఓడ అటూ ఇటూ ఊగుతుంటే, దిగుతున్న పడవ ఒకసారి బయటికి ఊగి, మరుక్షణం ఇనుప గోడకు కొట్టుకుంటుంది. నీటిని తాకిన తరువాత కూడా, ఒక అల పడవను పైకెత్తి తాడును వదులు చేస్తుంది, ఆ అల జారిపోగానే తాడు ఒక్క కుదుపుతో బిగుసుకుంటుంది. ఆ క్షణంలో కొక్కేలు రెండూ ఒకేసారి విడిపోకపోతే పడవ నిలువుగా వేలాడుతుంది. అందులో వృద్ధులు, పిల్లలు ఉన్నారని ఊహించండి. 1963లో 'లకోనియా' నౌక అగ్నిప్రమాదంలో 128 మంది మరణించారు. అక్కడ పడవలను దించడంలో వచ్చిన చిక్కులు కూడా ప్రాణనష్టానికి కారణమయ్యాయి.

ఓడ ఒకవైపు ఒరిగితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. 1956లో 'ఆంద్రియా డోరియా' మరో ఓడతో ఢీకొన్న తరువాత కుడివైపుకు ఎంతగా ఒరిగిపోయిందంటే, ఎడమవైపు ఉన్న పడవలన్నీ దించడానికి వీలులేకుండా నిరుపయోగమయ్యాయి. ఆ ఓడ సుమారు 11 గంటలు తేలి ఉండటం వల్ల, సహాయానికి ఇతర నౌకలు చేరుకోవడం వల్ల అంతమంది బతికారు. 'బ్రిటానిక్' కెప్టెన్‌కు ఆ రెండు అవకాశాలలో ఏదీ లేదు. ఏడు బాంబులు ఒకేసారి పేలితే ఓడ నెమ్మదిగా మునగదు.

ఏడు అన్న సంఖ్య కూడా నాకు సమంజసంగానే తోచింది. పెద్ద ఓడ అడుగుభాగాన్ని జలనిరోధక గోడలతో గదులుగా విభజిస్తారు. ఒకటి రెండు గదులలోకి నీరు వచ్చినా ఓడ తేలగలగాలన్నది ఆ విభజన ఉద్దేశం. ఒకే బాంబు అయితే ఆ ఏర్పాటు ఓడను కాపాడవచ్చు. చెల్లాచెదురుగా ఉన్న అనేక బాంబుల ముందు అది నిలవదు. ఓడను ఎలా నిర్మిస్తారో ఎరిగినవాడు వేసిన పథకం అది.

నిశిత:

చర్చ ఆసక్తికరంగా ఉంది. అయితే అందరూ మెచ్చుకుంటున్న చోట నేను ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ఈ చిత్రం రెండు గంటల పాటు ఎంతో నిజాయితీగా కట్టుకుంటూ వచ్చినదాన్ని, చివర ఎరుపు తీగ కోయాలా, నీలం తీగ కోయాలా అన్న ప్రశ్న దగ్గర చిన్నది చేసేసిందని నేను భావిస్తున్నాను. ఆ తరువాతి కాలంలో ఎన్నెన్ని చిత్రాలలో, ధారావాహికలలో ఈ రెండు తీగల సన్నివేశం వచ్చిందో అందరికీ తెలుసు. అసలు బాంబు తయారుచేసేవాడు తన తీగలకు సౌకర్యంగా రంగులు వేసి పెట్టవలసిన అవసరం ఏమిటి? నిజమైన నిపుణులు చివరి క్షణంలో చేతిలో కత్తెరతో ఊహించి తీగలు కోస్తారా? అప్పటిదాకా జ్ఞానంతో నడిచిన కథ, చివరికి నాణెం ఎగరేసినట్టు ముగిసింది. సగానికి సగం అవకాశం మీద నిలబడిన ముగింపును ఉత్కంఠ అనవచ్చునేమో గానీ, దానికి అర్థం ఉందని అనలేము.

లంగరు:

నిశిత గారి అభ్యంతరంలో మొదటి భాగంతో ఏకీభవిస్తాను. ఆ కాలానికే నిజమైన పద్ధతులు మారుతున్నాయి. ఉత్తర ఐర్లాండ్‌లో బాంబుల దగ్గరికి మనిషి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకుంటున్న పరిస్థితిలో, బ్రిటిష్ సైన్యం 1972లో 'వీల్‌బారో' అనే దూరనియంత్రిత యంత్రాన్ని వాడుకలోకి తెచ్చింది. వీలైనంత వరకూ మనిషి దూరంగా ఉండాలి, బాంబును చేతితో ముట్టుకోకుండానే దాని యంత్రాంగాన్ని చెదరగొట్టాలి అన్నది అప్పటి నుంచి మూలసూత్రమైంది. చేతులతో విప్పడం మరో దారి లేనప్పుడే. నడిసముద్రంలోని ఓడ సరిగ్గా అటువంటి చోటు. అక్కడికి యంత్రాన్ని తేలేరు, జనాన్ని దూరంగా పంపలేరు, బాంబును మరో చోటికి మోసుకుపోలేరు. నేల మీద నిపుణుడికి ఉండే మూడు రక్షణలనూ ఓడ ఒకేసారి లాగేసుకుంటుంది. ఈ కథకు ఓడ కావలసి రావడానికి కారణం అదే.

రెండవ భాగంతో మాత్రం ఏకీభవించలేను. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1940లో లండన్ మీద పడి పేలకుండా ఉండిపోయిన జర్మన్ బాంబులను వెలికితీసినవారి కథ చదివితే, ఫాలన్ పనిచేసే తీరు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. మొదట్లో ఫ్యూజును, అంటే బాంబును పేల్చే భాగాన్ని, తీసివేస్తే బాంబు చచ్చినట్టే. ఆ సంగతి జర్మన్లకు తెలిసి, కొన్ని బాంబులలో గడియారంతో నడిచే ఆలస్యపు ఫ్యూజులు పెట్టారు. కదిలిస్తే పేలే ఫ్యూజులు వచ్చాయి. తరువాత ఫ్యూజు కింద మరో చిన్న పరికరాన్ని దాచారు. పైనున్న ఫ్యూజును బయటికి లాగితే అది పేలుస్తుంది. అంటే ఆ పరికరం ఇళ్లను కూల్చడానికి పెట్టినది కాదు, దాన్ని విప్పడానికి వచ్చే మనిషి కోసం ప్రత్యేకంగా పెట్టినది. 1943 జనవరిలో కనిపించిన 'వై' ఫ్యూజు ఉద్దేశం కూడా నిర్వీర్యం చేసేవారిని చంపడమే. దాని బ్యాటరీని ద్రవ ఆక్సిజన్‌తో గడ్డకట్టేంతగా చల్లబరిచి పనిచేయకుండా చేయడమే దానికి కనిపెట్టిన విరుగుడు.

ఈ క్రమమంతా ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరి మధ్య వాదప్రతివాదం. అవతలివాడు ఏమి అనుకుంటాడని నేను అనుకుంటానో కూడా అతడు ముందే అనుకుని ఉంటాడు. అందుకే ఆ రోజులలో గోతిలో దిగినవారు తాము చేయబోయే ప్రతి పనినీ దూరంగా ఉన్న మరొకరికి ముందుగా చెప్పి చేసేవారు. వారు చనిపోతే, ఎక్కడి దాకా వచ్చి ఎక్కడ ఆగిపోయారో తరువాత వచ్చేవారికి తెలియాలి. సఫోక్ ప్రభువుగా పేరుపొందిన శాస్త్రజ్ఞుడు 1941 మేలో బాంబు దగ్గరే మరణించే నాటికి ఆయన కార్యదర్శి పక్కనే ఉండి ఆయన చెప్పే మాటలను రాసుకునేవారు. ఆ పేలుడులో ఆమె కూడా ప్రాణాలు కోల్పోయారు. ఫాలన్ తన ప్రతి కదలికనూ బయటికి చెప్పడం నాటకీయత కోసం కల్పించిన అలవాటు కాదు. అది ఆ వృత్తి రక్తంతో నేర్చుకున్న నియమం.

తెరచాప:

లంగరు గారి వ్యాఖ్య చదివిన తరువాత బ్రాడక్ మరణం నాకు మరోలా కనిపించింది. ఏడు బాంబులూ ఒకే నమూనాలో ఉన్నాయి కాబట్టి ఫాలన్ ముందు నడుస్తాడు, మిగిలినవారు అనుసరిస్తారు. ఒకచోట నేర్చుకున్నది మిగిలిన చోట్ల పనికొస్తుందన్న ధైర్యం మనకు కూడా కలుగుతుంది. అటువంటి సమయంలో ఫాలన్‌కు అత్యంత ఆప్తుడైన బ్రాడక్ తన వంతు బాంబు దగ్గర చనిపోతాడు. ఆ క్షణంలో పోయేది ఒక మనిషి ప్రాణం ఒక్కటే కాదు. ఫాలన్‌కు తన మాట మీద తనకున్న నమ్మకం కూడా పోతుంది. రిచర్డ్ హారిస్ అప్పటివరకూ చూపించిన పొగరు అంతా ఒక్కసారిగా ఎలా జారిపోతుందో గమనించండి. తానే విజేతనని గొప్పలు చెప్పుకునే మనిషి కుంగిపోయిన తీరులో నటన కనిపించదు.

చిత్రీకరణ గురించి కొన్ని వివరాలు చెబుతాను. బ్రయాన్ ఫోర్బ్స్, ఆ తరువాత డాన్ మెడ్‌ఫోర్డ్ ఈ చిత్రాన్ని వదిలిన తరువాత లెస్టర్ చేతికి వచ్చింది. 'బ్రిటానిక్' పాత్ర పోషించిన ఓడ అసలు పేరు 'హాంబుర్గ్'. 1969లో సేవలోకి వచ్చిన ఆ జర్మన్ నౌకను 1974లో సోవియట్ యూనియన్ కొనుక్కుని 'మాక్సిమ్ గోర్కీ' అని పేరు పెట్టింది. ఆ మార్పిడి మధ్య కాలంలో చిత్రబృందం దాన్ని ఉత్తర సముద్రంలోకి తీసుకెళ్లి, చెడు వాతావరణాన్ని వెదుక్కుంటూ చిత్రించింది. తెర మీద కనిపించే బూడిదరంగు ఆకాశం, డెక్ మీద ఎవరూ నిటారుగా నిలబడలేకపోవడం చాలా మటుకు నిజమైనవే. స్టూడియోలో నీటి తొట్టి పెట్టి తీసిన ఓడ కథలలో ఎంత ఖర్చు పెట్టినా రాని చలి ఇందులో మనకు తగులుతుంది.

ఆ ఓడ జీవితం కూడా కథ వంటిదే. 1989 జూన్‌లో అది స్వాల్‌బార్డ్ దగ్గర మంచుగడ్డలను ఢీకొని మునిగే స్థితికి వచ్చింది. ప్రయాణికులు పడవలలోకి, మంచుగడ్డల మీదకి చేరారు. నార్వే తీరరక్షక నౌక వచ్చి వారందరినీ కాపాడింది. అదే ఏడాది డిసెంబర్‌లో మాల్టా దగ్గర బుష్, గోర్బచెవ్‌ల సమావేశం దాని మీద జరిగింది. 2009లో గుజరాత్‌లోని అలంగ్ తీరంలో దాన్ని విడగొట్టారు.

దిక్సూచి:

సొమ్ము చెల్లించాలా వద్దా అన్న అంశం మీద ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో చిత్రంలోని అసలైన భయం లండన్ గదులలో ఉంది. ఇయాన్ హోమ్ పోషించిన నౌకా సంస్థ అధికారి మొదట చెల్లించడానికే సిద్ధపడతాడు. ఓడలోని మనుషులు అతని బాధ్యత. ప్రభుత్వ ప్రతినిధి వచ్చి, సంస్థకు అందే ప్రభుత్వ ఆర్థిక సహాయాన్ని గుర్తుచేసి, మెత్తని మాటలతో అతన్ని ఆపుతాడు. అక్కడ ఎవరూ గొంతు పెంచరు. పన్నెండు వందల ప్రాణాల గురించిన నిర్ణయం ఇంత మర్యాదగా జరిగిపోవడం చూసినప్పుడు కలిగే కలవరం నాకు ఏ బాంబు దగ్గరా కలగలేదు.

ఇది కేవలం కల్పితమైన సందేహం కాదు. 1971 మేలో సిడ్నీ నుంచి హాంకాంగ్ వెళుతున్న కాంటాస్ విమానంలో బాంబు ఉందని, విమానం కొంత ఎత్తు కంటే కిందికి దిగితే అది పేలుతుందని ఒక వ్యక్తి ఫోన్ చేశాడు. తన మాట నమ్మించడానికి అతడు సిడ్నీ విమానాశ్రయంలోని ఒక లాకరులో నిజమైన బాంబును నమూనాగా పెట్టాడు. విమానం గంటల తరబడి గాలిలో తిరిగింది. సంస్థ 5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించింది. విమానంలో బాంబు లేదు. జగర్నాట్ కూడా తన శక్తిని నిరూపించడానికి ముందుగా డెక్ మీద చిన్న పేలుళ్లు జరిపిస్తాడని గుర్తుందా? బెదిరించేవాడు మొదట అమ్మేది నమ్మకం. ఆ నమ్మకం కుదిరిన తరువాతే బేరం మొదలవుతుంది.

చెల్లిస్తే రేపు మరొక ఓడకు మరొక ఫోన్ వస్తుందన్నది ప్రభుత్వం వాదన. ఆ వాదనలో నిజం ఉంది. ఈ రోజు ఓడలో ఉన్న బిడ్డకు, రేపటి ఓడను కాపాడటం కోసం నిన్ను పణంగా పెడుతున్నామని ఎవరు చెబుతారు? చిత్రం ఈ ప్రశ్నకు తీర్పు చెప్పలేదు. ఆ పోలీసు అధికారి కుటుంబాన్ని ఓడలో పెట్టి, ప్రశ్న బరువును ఒక మనిషి భుజాల మీద ఉంచి వదిలేసింది. ఆంథొనీ హాప్కిన్స్ ఆ బరువును ఎక్కడా ఏడ్చి చూపించలేదు. పనిలో తొందర, చూపులో అలసట, అంతే.

మందాకిని:

ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. ప్రయాణికుల గురించి ఒక మాట చెప్పాలనిపించింది. రాయ్ కిన్నియర్ పోషించిన వినోద కార్యక్రమాల నిర్వాహకుడి పాత్రను చాలామంది హాస్యం కోసం పెట్టిన పాత్రగా తీసుకుంటారు. నాకు మాత్రం అతడు ఈ కథలోని ధైర్యవంతులలో ఒకడు. అందరికీ చావు తెలిసిన రాత్రి, ఎవరూ నవ్వకపోయినా, ఎవరూ ఆడకపోయినా, తన ఉద్యోగం మనుషులకు ఉత్సాహం కలిగించడం కాబట్టి ఆ పని ఆపడు. బాంబు దగ్గర కూర్చున్నవాడి కర్తవ్యనిష్ఠకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

అలాగే రోషన్ సేథ్ పోషించిన ఆజాద్ అనే ఓడ ఉద్యోగి పాత్ర. కింది అంతస్తులలోకి తప్పిపోయిన పిల్లవాణ్ని కాపాడబోయి చనిపోతాడు. కథ అతని కోసం ఎక్కువసేపు ఆగదు. ఆగి ఉండవలసిందని నేను ప్రతిసారీ అనుకుంటాను.

నిశిత:

లంగరు గారి వివరణకు ధన్యవాదాలు. రూపకర్తకూ నిర్వీర్యం చేసేవాడికీ మధ్య వాదప్రతివాదం అన్న మాట బలమైనది. అయితే దాన్నే తీసుకుని నా ప్రశ్నను మళ్లీ అడుగుతున్నాను. ముగింపులో జగర్నాట్ పట్టుబడ్డాడు. ఫ్రెడ్డీ జోన్స్ పోషించిన బక్లాండ్ ఒకప్పుడు బాంబు నిర్వీర్య దళంలోనే పనిచేసి, ఫాలన్‌కు పని నేర్పినవాడు. దశాబ్దాల సేవకు తగిన పింఛను దక్కలేదన్న కసితో ఈ పనికి పూనుకున్నాడు. అతన్ని రేడియో దగ్గర కూర్చోబెడతారు. ఏ తీగ కోయాలని ఫాలన్ అడుగుతాడు. నీలం అని అతడు చెబుతాడు. ఫాలన్ ఎరుపు కోస్తాడు. ఓడ నిలుస్తుంది.

ఇప్పుడు చెప్పండి. పట్టుబడిన తరువాత అబద్ధం చెప్పి పన్నెండు వందల మందిని చంపితే బక్లాండ్‌కు ఒరిగేదేమిటి? శిక్ష ఇంకా కఠినమవుతుంది తప్ప లాభం లేదు. నిజం చెప్పడమే అతనికి మేలు. అలాంటప్పుడు అతని మాటను కాదని వ్యతిరేకంగా చేయడానికి ఫాలన్‌కు ఉన్న ఆధారం ఏమిటి? ఆధారం చూపించకపోతే అది అదృష్టమే.

వెండితెర:

నిశిత గారూ, మీ ప్రశ్న ఈ చర్చను సరైన చోటికి తెచ్చింది. కొంచెం విస్తరంగా సమాధానం చెబుతాను.

లాభనష్టాల లెక్క ప్రకారం బక్లాండ్ నిజమే చెప్పాలి, ఒప్పుకుంటాను. పోలీసులు కూడా అలాగే అనుకుని ఉంటారు. లాభనష్టాల లెక్క వేసుకునే మనిషి ఏడు పీపాలలో ఒకదాని వెనుక ఒకటిగా అన్ని ఉచ్చులు అమర్చడు. డబ్బే కావలసినవాడికి అంత శ్రమ అక్కరలేదు. చరిత్రపుట గారు చెప్పిన 1972 నాటి వ్యక్తి ఒక్క ఫోనుతోనే ఓడనంతా కదిలించాడు. బక్లాండ్ చేసిన పనిలో, విప్పడానికి ఎవరు వస్తారో తెలిసి, వారికి ఎదురుగా పేర్చిన పనితనం ఉంది. లంగరు గారు చెప్పిన ఆ రెండవ రకం పరికరాల వంటిదే అది. ఓడను ముంచడానికి అవసరమైన దానికంటే ఎక్కువగా, విప్పేవాడిని ఓడించడానికి అవసరమైనది అందులో ఉంది. అటువంటి మనిషికి సొమ్ము చేజారిపోయింది, స్వేచ్ఛ పోయింది. అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క వస్తువు ఆ బాంబు. అది పేలితే తన పని గెలిచినట్టు. అది ఆగిపోతే తన శిష్యుడు గెలిచినట్టు. నిజం చెప్పడం మేలు అన్న మాట ఖైదీకి వర్తిస్తుంది గానీ, ఓడిపోవడానికి ఇష్టపడని పనివాడికి వర్తించదు.

రెండవది, ఆ సంభాషణ సాగే తీరు చూడండి. ఫాలన్ తీగ గురించి వెంటనే అడిగి వదిలేయడు. పాత పరిచయం, కలిసి పనిచేసిన రోజులు ఆ మాటల కింద కదులుతుంటాయి. అవతలివాడి గొంతులో ఎక్కడ ఒత్తిడి ఉంది, ఎక్కడ మెత్తదనం అవసరానికి మించి వచ్చింది అన్నది అతడు వింటున్నాడు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని ప్రాణాపాయంలో పనిచేసిన ఇద్దరికి, మూడవ వ్యక్తికి తెలియని సంకేతాలు గొంతులో తెలుస్తాయి. చిత్రం ఆ సంకేతాన్ని మనకు విప్పి చెప్పదు. మీరు అడిగే ఆధారం తెర మీద వాక్యరూపంలో లేదన్నది నిజమే. హారిస్ ముఖం మీద, అతడు విన్న తరువాత ఆగిన ఆ ఆగడంలో ఉంది. కెమెరా కూడా అక్కడే నిలిచింది.

ఇంకొక సంగతి. ఫాలన్ అబద్ధాన్ని పట్టుకున్న క్షణం అతనికి విజయం మాత్రమే కాదు. తనకు పని నేర్పినవాడు తనను చంపాలనుకున్నాడని కూడా అతనికి ఆ క్షణంలోనే తెలుస్తుంది. తీగ సగానికి సగం అవకాశమైతే ఈ బాధకు చోటే లేదు. ఆ రెండు రంగులు ఇద్దరు మనుషుల మధ్య నిలిచిన ప్రశ్నకు తెర మీద కనబడే రూపం. తరువాతి చిత్రాలు రంగులను తీసుకున్నాయి, ఆ ఇద్దరినీ వదిలేశాయి. మీకు నచ్చనిది ఆ అనుకరణలలోని ఖాళీతనం అయితే, అందులో నేనూ మీతోనే ఉన్నాను.

నౌకాయంత్రి:

ఇటువంటి ఘటన ఇప్పుడు జరగగలదా అని ఒక సభ్యుడు విడిగా అడిగారు. అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడే రాస్తున్నాను.

1972 నాటికి ప్రయాణికుల ఓడలలో సామాను తనిఖీ నామమాత్రంగా ఉండేది. వీడ్కోలు చెప్పడానికి వచ్చినవారు కూడా ఓడ ఎక్కి, గంట కొట్టిన తరువాత దిగిపోయేవారు. పీపాలను సరుకుల పేరుతో ఎక్కించడం ఆ పరిస్థితులలో అసాధ్యం కాదు. 1985 అక్టోబర్‌లో 'అకిలే లౌరో' నౌకను సాయుధులు స్వాధీనం చేసుకున్న తరువాత ప్రపంచం మేలుకుంది. 1988లో రోమ్‌లో నౌకాయాన భద్రతకు భంగం కలిగించే నేరాలపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2002 డిసెంబర్‌లో ఓడలకు, రేవులకు వర్తించే భద్రతా నియమావళిని ఆమోదించి, 2004 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చారు. ఇప్పుడు ప్రతి ఓడకూ ఒక భద్రతా అధికారి, ఆమోదం పొందిన భద్రతా ప్రణాళిక ఉండాలి. బాంబు బెదిరింపు వస్తే ఏ గదిని ఎవరు వెదకాలో ముందే నిర్ణయించి ఉంటుంది, ఎందుకంటే ఒక చోటులో ఉండకూడని వస్తువు ఏదో అక్కడ రోజూ పనిచేసేవాడికే ముందుగా తెలుస్తుంది.

ఆ నియమావళి అమలులోకి రావడానికి కొన్ని నెలల ముందే, 2004 ఫిబ్రవరి 27న ఫిలిప్పీన్స్‌లో 'సూపర్‌ఫెర్రీ 14' మీద బాంబు పేలి, మంటలు చెలరేగి 116 మంది మరణించారు. బాంబును ఒక టెలివిజన్ పెట్టెలో దాచి ఎక్కించారు. ఫోన్ రాలేదు, సమయం ఇవ్వలేదు, నిర్వీర్యం చేయడానికి ఎవరినీ పిలిచే అవకాశమే కలగలేదు. ఓడలో పనిచేసేవారిగా మేము భయపడేది ఆ రెండవ రకం ప్రమాదానికి. జగర్నాట్ మాట్లాడాడు కాబట్టి ఫాలన్‌కు పని దొరికింది.

నిశిత:

వెండితెర గారి సమాధానం, దాని కింద నౌకాయంత్రి గారి చివరి వాక్యం చదివిన తరువాత ముగింపు సన్నివేశాన్ని మళ్లీ చూశాను. గొంతు వినడం అన్న వివరణకు తెర మీద చోటు ఉంది. ఆ ఆగడాన్ని నేను కూడా ఇప్పుడు చూడగలుగుతున్నాను. అయినా నా సందేహంలో కొంత మిగిలే ఉంది. ఫాలన్ అబద్ధాన్ని పసిగట్టగలడని బక్లాండ్‌కు కూడా తెలిసి ఉండాలి కదా? అతనికి పని నేర్పినవాడే కాబట్టి. నిజం చెప్పి, శిష్యుడు దాన్ని అబద్ధమనుకుని తప్పు తీగ కోసేలా చేయడం అతని చేతిలోనే ఉంది. అతడు ఆ పని చేయలేదు, నేరుగా అబద్ధమే చెప్పాడు. ఎందుకు?

లంగరు:

శిష్యుడు ఇంకా తన మాట వింటాడని అతడు నమ్మాడు కాబట్టి అని నేను అనుకుంటున్నాను. గురువుల స్థానంలో చాలాకాలం ఉన్నవారికి ఆ నమ్మకం పోదు. పైగా నిజం చెప్పి మోసగించాలంటే, ఫాలన్ తనను ముందే అనుమానిస్తున్నాడని ఒప్పుకోవాలి. అంటే తనతో సమానమైన ప్రత్యర్థిగా అతన్ని అంగీకరించాలి. బక్లాండ్ ఆ అంగీకారానికి సిద్ధంగా లేడు. ఆఖరి నిమిషం వరకూ అతని దృష్టిలో ఫాలన్ తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడే.